పసుపు మీద నీలం పూసేటప్పుడు

(కాలనీ నివాసుల సమావేశంలో ఒక విశ్రాంత పట్టణ ప్రణాళికాధికారి చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకూ, పెద్దలకూ, బుధవారం సాయంత్రమైనా ఇంటి పనులు పక్కన పెట్టి వచ్చిన ఆడపడుచులకూ నమస్కారం.

మాస్టర్ ప్లాన్ పటంలో ఇళ్లకు పసుపు, వ్యాపారానికి నీలం, పరిశ్రమలకు ఊదా, పార్కులకు ఆకుపచ్చ వేస్తాం. నేను ఉద్యోగంలో చేరిన రోజుల్లో ఈ రంగులు చేత్తోనే పూసేవాళ్లం. ఒక ముక్క పసుపును నీలంగా మార్చడానికి డ్రాయింగ్ బల్ల మీద పట్టే శ్రమ ఎంత తక్కువో, ఆ మార్పుతో పాటు బతకడానికి ఆ వీధివాళ్లకు పట్టే శ్రమ ఎంత ఎక్కువో, మూడు దశాబ్దాల ఉద్యోగంలో రెండూ చూశాను.

మీ కార్యదర్శి గారు ఫోన్ చేసి, కాలనీ వెనుక స్థలాన్ని నివాస ప్రాంతం నుంచి వాణిజ్య ప్రాంతానికి మారుస్తామని నోటీసు వచ్చిందనీ, అక్కడ ఒక పెద్ద హైపర్‌మార్కెట్ కడతారని అందరూ అనుకుంటున్నారనీ, వచ్చి నాలుగు ధైర్యవచనాలు చెప్పమనీ అడిగారు. ధైర్యవచనాలు నాకు అలవాటు లేదు కానీ, ఇలాంటి తగవే పడి నెగ్గిన ఒక ఊరి కథ తెలుసు. నెగ్గిన పదకొండేళ్లకు అదే ఊళ్లో జరిగిన రెండో భాగం కోసమే ఈ కథను ఎంచుకున్నాను.

ఆ ఊరి పేరు ఇంగిల్‌వుడ్. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రంలో, లాస్ ఏంజెలెస్ విమానాశ్రయానికి తూర్పున, కిందికి దిగే విమానాల దారి కిందే ఉంటుంది. లక్షకు పైచిలుకు జనాభా. నల్లజాతివారూ, లాటిన్ అమెరికా మూలాలున్నవారూ ఎక్కువ. మన లెక్కలో చెప్పాలంటే ఒక పెద్ద మున్సిపాలిటీ. ఊళ్లో హాలీవుడ్ పార్క్ అనే గుర్రప్పందేల మైదానం ఉండేది, దాని పక్కన 60 ఎకరాల ఖాళీ స్థలం ఉండేది. ఆ 60 ఎకరాల్లో ఒక వ్యాపార సముదాయం కట్టి, అందులో తన సూపర్‌సెంటర్ పెట్టాలని వాల్‌మార్ట్ సంస్థ సంకల్పించింది.

సూపర్‌సెంటర్ అంటే మన బజారులోని సూపర్‌మార్కెట్‌ను ఊహించుకోకండి. అమెరికావాళ్లు వీటిని బిగ్ బాక్స్ దుకాణాలంటారు, చూడటానికి నిజంగానే కిటికీలు లేని పెద్ద పెట్టెలా ఉంటాయి. ఒక్కో సూపర్‌సెంటర్ సగటున 1,80,000 చదరపు అడుగుల దాకా ఉంటుంది, అంటే నాలుగెకరాలు దాటిన ఒకే కప్పు. దాని ముందు అంతకంటే విశాలమైన పార్కింగ్. బట్టలు, టీవీలు, మందులు, టైర్లు, వాటితో పాటు కూరగాయలు, మాంసం, పాలు అన్నీ ఆ ఒక్క కప్పు కిందే దొరుకుతాయి. ఇలాంటివి కాలిఫోర్నియాలో నలభై పెడతామని 2002లో ఆ సంస్థ ప్రకటించింది.

అదే ఏడాది ఇంగిల్‌వుడ్ పాలకమండలి అత్యవసరంగా ఒక నిబంధన చేసింది. 1,55,000 చదరపు అడుగులు మించి ఉండి, పన్ను పడని సరుకులు 20,000 రకాలకు మించి అమ్మే దుకాణం తమ ఊళ్లో కట్టరాదన్నది దాని సారాంశం. వృత్తిరీత్యా నాకు ఈ వాక్యం అంటే ముచ్చట. కాలిఫోర్నియాలో వంటింటి సరుకుల మీద అమ్మకం పన్ను లేదు, కాబట్టి పన్ను పడని సరుకులంటే ఆచరణలో కిరాణాయే. ఎవరి పేరూ ఎత్తకుండా, కొలత ఒకటీ సరుకు ఒకటీ చెప్పి, ఎవరికి తగలాలో వారికే తగిలేలా రాశారు. అయితే సంస్థ వెంటనే సంతకాలు సేకరించి ఆ నిబంధనను ప్రజల ఓటుకు పెట్టించే దారి పట్టింది, కోర్టుకు వెళతామనీ హెచ్చరించింది. పాలకమండలి నిబంధనను వెనక్కి తీసుకుంది.

ఆ తర్వాత సంస్థ వేసిన ఎత్తే అసలు కథ. కాలిఫోర్నియాలో ఓటర్లే సంతకాలు పెట్టి ఒక చట్టాన్ని ప్రతిపాదించి, దాన్ని ఓటుకు పెట్టించుకోవచ్చు. వంద సంవత్సరాల కిందట, రైల్‌రోడ్ కంపెనీల గుప్పిట్లో ఉన్న శాసనసభను దాటుకుని సామాన్యుడు తన మాట నెగ్గించుకోవడానికి తెచ్చిన హక్కు అది. వాల్‌మార్ట్ దాన్నే వాడుకుంది. 71 పుటల ప్రతిపాదన తయారుచేయించి, వేల సంతకాలు సేకరించి, 04-ఏ అనే పేరుతో ఓటుకు పెట్టించింది. అది నెగ్గితే ఆ 60 ఎకరాల భూ వినియోగం మారిపోతుంది. ఊరి ప్లానింగ్ కమిషన్ ముందు విచారణ ఉండదు, బహిరంగ సభ ఉండదు, ట్రాఫిక్ మీదా పర్యావరణం మీదా అధ్యయనం ఉండదు. నక్షా కొలతలు ఆ 71 పుటలకు సరిపోయాయా లేదా అని చూసి ముద్ర వేయడమే అధికారుల పని. తర్వాత ఎవరైనా అందులో ఒక్క మాట మార్చాలన్నా మళ్లీ ఓటు పెట్టి, మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. సగం మంది ఒప్పుకుంటే అమలయ్యే ప్రతిపాదన, రద్దు కావడానికి మాత్రం మూడింట రెండు వంతులు అడిగిందన్నమాట.

ఆ దుకాణం కావాలన్నవాళ్లను తక్కువ చేసి మాట్లాడటం నాకు ఇష్టం లేదు. పని దొరకని కుర్రవాళ్లున్నారు, చవక సరుకు కోసం పక్క ఊరికి వెళ్లే తల్లులున్నారు, ఊరి ఖజానాకు రాబడి కావాలన్న మేయర్ రూజ్‌వెల్ట్ డోర్న్ ఉన్నారు. ఈ రాబడి సంగతి కొంచెం విడమరిచి చెప్పాలి, ఎందుకంటే పసుపు నీలంగా మారడం వెనుక చాలా చోట్ల ఉండేది ఇదే. 1978లో కాలిఫోర్నియా ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన, ఆస్తి పన్నును మదింపు విలువలో ఒక్క శాతానికి కట్టేసింది. ఆస్తి చేతులు మారేదాకా ఆ మదింపు కూడా ఏడాదికి రెండు శాతానికి మించి పెరగకూడదంది. ఇంటి యజమానులకు ఊపిరి ఆడింది, ఊళ్ల ఖజానాలకు ఆడలేదు. మిగిలిన దారుల్లో ముఖ్యమైనది అమ్మకం పన్ను. వంద డాలర్ల సరుకు అమ్ముడైతే అందులో ఒక డాలరు, ఆ అమ్మకం జరిగిన ఊరికి చేరుతుంది. కొన్నవాళ్లు ఏ ఊరివాళ్లైనా సరే, డాలరు దుకాణం ఉన్న ఊరిదే. దాంతో, ఇళ్లు కడితే బడీ నీళ్లూ మురుగుకాలవా చూడాల్సిన ఖర్చు, దుకాణం కడితే పక్క ఊరి డబ్బు కూడా మనకే వచ్చే లాభం అన్న లెక్క అక్కడి పురపాలకుల తలల్లో స్థిరపడిపోయింది. మన మున్సిపాలిటీల్లోనూ భూ వినియోగ మార్పిడి చార్జీలనీ, అభివృద్ధి చార్జీలనీ, ఇంపాక్ట్ ఫీజులనీ ఉన్నాయి కదా. ఖజానా ఖాళీగా ఉన్న ఏడాది మార్పిడి దరఖాస్తు ఫైలు కాస్త చురుగ్గా నడవడం నేను చూసినదే.

ఇంగిల్‌వుడ్ ఓటుకు ముందు దక్షిణ కాలిఫోర్నియాలో మరొకటి జరిగింది. 2003 అక్టోబరు నుంచి 2004 ఫిబ్రవరి చివరిదాకా, దాదాపు నాలుగున్నర నెలలు, అక్కడి సూపర్‌మార్కెట్ కార్మికులు సమ్మె, లాకౌట్‌లతో పని లేకుండా వీధిలో నిలబడ్డారు. వాల్‌మార్ట్ పోటీ వస్తోంది కనుక ఆరోగ్య బీమా ఖర్చు తగ్గించక తప్పదన్నది యాజమాన్యాల వాదన. అంటే దుకాణం రాకముందే దాని నీడ జీతాల మీద పడింది. ఇంగిల్‌వుడ్‌లో ఆ కార్మికుల కుటుంబాలు చాలా ఉన్నాయి. వారూ, చర్చి పాస్టర్లూ, కార్మిక సంఘాలూ, ఇరుగుపొరుగు సంఘాలవారూ కలిసి ఇంటింటికీ తిరిగారు. అమెరికా చట్టసభ కాంగ్రెస్‌లో సభ్యురాలు మాక్సిన్ వాటర్స్, పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ వచ్చి మాట్లాడారు. అటువైపు సంస్థ పది లక్షల డాలర్లకు పైగా ఖర్చుపెట్టింది.

ఓటు 2004 ఏప్రిల్ 6న జరిగింది. 60.6 శాతం మంది వద్దన్నారు.

దీన్ని అమెరికన్లు పెద్ద దుకాణాలను తిరస్కరించారని చెప్పుకుంటే పొరపాటు. సుమారు నెల ముందు, మార్చి 2న, అదే రాష్ట్రంలోని కాంట్రా కోస్టా కౌంటీలో ఇలాంటి దుకాణాలను నిషేధించే నిబంధన ఓటుకు వస్తే, జనం నిషేధం వద్దని తీర్పిచ్చారు. అదే సంస్థ, అదే రాష్ట్రం, అదే ఋతువు. మరి ఇంగిల్‌వుడ్‌లో తేడా ఎక్కడ వచ్చింది? నా అంచనా ఇది: కాంట్రా కోస్టాలో జనాన్ని అడిగింది దుకాణం ఉండాలా వద్దా అని, ఇంగిల్‌వుడ్‌లో అడిగింది, దుకాణంతో పాటు ఇకమీదట మిమ్మల్ని అడగకపోయినా పరవాలేదా అని. దుకాణం మీద రెండు మనసులుగా ఉన్నవాళ్లు సైతం, మా ఊళ్లో మా విచారణ హక్కును మేమే రాసిచ్చేయడమేమిటని ఆగిపోయారు. వీధి గుమ్మాల దగ్గర ప్రచారకులు 71 పుటల కాగితం కట్ట చూపించి మాట్లాడారంటే, వాళ్లకు ఈ సంగతి అర్థమైందనే అనుకోవాలి.

అసలు ఒక ఊరికి ఇలా రంగులు వేసే అధికారం ఎక్కడిది? అమెరికాలో ఈ ప్రశ్న 1926లో సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒహాయో రాష్ట్రంలోని యూక్లిడ్ అనే చిన్న ఊరు తన నేలను మండలాలుగా విభజిస్తే, ఆంబ్లర్ అనే స్థిరాస్తి కంపెనీ తన భూమి విలువ పడిపోయిందని దావా వేసింది. ఊరే నెగ్గింది. తీర్పు రాసిన జస్టిస్ సదర్లాండ్, మంచి వస్తువే తప్పు చోట ఉంటే ఉపద్రవమవుతుందనీ, దొడ్లో ఉండాల్సిన పంది సావిట్లో ఉన్నట్టని అన్నారు. పందికి దొడ్లో అన్ని హక్కులూ ఉన్నాయని మనం గుర్తుంచుకోవాలి. హైపర్‌మార్కెట్ విషయమూ అంతే; బైపాస్ పక్కన అది ఎవరికీ బాధ కాదు, ముప్పై అడుగుల రోడ్డు చివర అయితే ప్రతి ఉదయం సరుకు లారీకీ స్కూలు ఆటోకూ తగవే.

ఇప్పుడు రెండో భాగం. ఓడిపోయిన సంస్థ ఆ 60 ఎకరాలను అలాగే ఉంచుకుంది. 2006లో ఇంగిల్‌వుడ్ పాలకమండలి, అంత పెద్ద దుకాణం పెట్టదలచినవారు ముందుగా ఆర్థిక ప్రభావ నివేదిక సమర్పించాలని నిబంధన చేసింది. జనం నిశ్చింతగా ఉన్నారు. 2013 చివర్లో గుర్రప్పందేల మైదానం మూతపడింది. 2014 జనవరిలో ఆ 60 ఎకరాలను స్టాన్ క్రోంకీ అనే ఫుట్‌బాల్ జట్టు యజమాని కొన్నారు. ఆయన వాల్‌మార్ట్ స్థాపించిన వాల్టన్ సోదరుల ఇంటి అల్లుడు కూడా.

అదే 2014 ఆగస్టులో కాలిఫోర్నియా సుప్రీంకోర్టు ఒక తీర్పు చెప్పింది. సొనోరా అనే చిన్న పట్టణంలో వాల్‌మార్ట్ తన దుకాణాన్ని సూపర్‌సెంటర్‌గా పెంచాలనుకుంది. పర్యావరణ నివేదిక మీద విచారణ నడుస్తుండగానే, ఆ పెంపును ఆమోదించమంటూ ఓటర్ల సంతకాలతో ఒక ప్రతిపాదన వచ్చింది. పదిహేను శాతం ఓటర్ల సంతకాలుంటే, పాలకమండలి దాన్ని ఎన్నికకు పెట్టకుండా, ఉన్నది ఉన్నట్టు తానే ఆమోదించేయవచ్చని అప్పటి చట్టంలో ఉండేది. సొనోరా పాలకమండలి అదే చేసింది. అలా ఆమోదించడానికి పర్యావరణ సమీక్ష అక్కర లేదా అని అడిగితే, అక్కర లేదని కోర్టు చెప్పింది. చట్టం అక్షరాలను బట్టి చూస్తే ఆ తీర్పు తప్పని నేను అనలేను, కానీ ఒక తలుపు బార్లా తెరుచుకుంది. 2004లో సంస్థకు కనీసం ఓటు గండం ఉండేది. ఇప్పుడు అదీ లేదు. సంతకాలు పోగుచేస్తే చాలు, పాలకమండలిలో సగానికి పైగా చేతులు లేస్తే చాలు.

ఆ తలుపులోంచి మొదట వెళ్లినవాటిలో ఇంగిల్‌వుడ్ స్టేడియం ఒకటి. పాత గుర్రప్పందేల మైదానం 238 ఎకరాలు, క్రోంకీ కొన్న 60 ఎకరాలు కలిపి 298 ఎకరాల్లో భారీ స్టేడియం, దుకాణాలు, కార్యాలయాలు, ఇళ్లు కట్టే ప్రతిపాదనకు సంతకాలు సేకరించారు. 2015 ఫిబ్రవరి 24న పాలకమండలి అయిదుకు సున్నా ఓట్లతో ఆమోదించింది. ఎన్నిక జరగలేదు, స్టేడియానికి పర్యావరణ సమీక్ష జరగలేదు. పదకొండేళ్ల కిందట ఓటర్లు వద్దన్న అడ్డదారి, అదే నేల మీద, అంతకు అయిదింతల విస్తీర్ణానికి, ఓటర్లను అడగకుండానే పనికొచ్చింది. 2020లో ఆ స్టేడియం తెరుచుకుంది. దానివల్ల ఊరికి పేరు వచ్చింది, పనులు వచ్చాయి, ఆస్తుల ధరలు పెరిగాయి. వాటితోపాటే అద్దెలూ పెరిగి, 2019లో పాలకమండలి అద్దెల నియంత్రణ తేవాల్సి వచ్చింది. స్టేడియం మంచిదా చెడ్డదా అన్న చర్చలోకి నేను వెళ్లను. ఎందరో మెచ్చుకుంటున్న కట్టడం అది. 2004లో గెలిచినవాళ్లు ఒక దుకాణాన్ని ఆపగలిగారు, ఆ దుకాణాన్ని తెచ్చిన దారిని మాత్రం మూయలేకపోయారు. రాష్ట్ర చట్టంలో ఉన్న దారిని ఒక ఊరు మూయడం సాధ్యమా అని మీరడగవచ్చు. ఒంటరిగా సాధ్యం కాదు. అయినా గెలిచిన మర్నాడు సంఘాలు చెదరకుండా ఉండి ఉంటే, 2015 ఫిబ్రవరిలో కనీసం ఎన్నిక పెట్టమని పట్టుబట్టే గొంతు బలంగా ఉండేదని నా అభిప్రాయం.

మన దగ్గరకు వద్దాం. మనకు ఓటుతో చట్టం చేసే పద్ధతి లేదు. మనకున్నది అభ్యంతరం చెప్పే హక్కు. ఉమ్మడి రాష్ట్రపు 1975 నాటి పట్టణ ప్రాంతాల అభివృద్ధి చట్టం నుంచి వస్తున్న పద్ధతి ప్రకారం, ప్లాన్‌లో మార్పు చేయదలచిన ప్రభుత్వం ముందుగా నోటీసు ప్రచురించి, అభ్యంతరాలూ సలహాలూ పిలిచి, వాటిని పరిశీలించాకే ముందుకు వెళ్లాలి. ఇది నామమాత్రపు తంతు అని చాలామంది నాతో అన్నారు. చాలాసార్లు నిజమే. కానీ మన హైకోర్టు 1987లో ఏం చేసిందో చూడండి. హైదరాబాద్ ప్లాన్‌లో వినోద, ఆరామ ప్రాంతంగా గుర్తించిన భూమిలో ఎల్‌ఐసీ, ఆదాయపు పన్ను శాఖ తమ ఉద్యోగులకు ఇళ్లు కట్టబోతే, దామోదరరావు అనే పౌరుడూ మరికొందరూ కోర్టుకు వెళ్లారు. అవి రెండూ ప్రభుత్వ సంస్థలు, కట్టేవీ దుకాణాలు కావు, ఉద్యోగుల ఇళ్లే. అయినా జస్టిస్ పి.ఎ. చౌదరి ఒప్పుకోలేదు. ప్లాన్‌లో పచ్చరంగు వేశాక యజమాని కూడా దానికి కట్టుబడాలన్నారు. పరిసరాలను పాడుచేయడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చిన జీవించే హక్కుకే భంగమన్నారు. నాలుగేళ్ల తర్వాత, 1991లో, బెంగళూరులో పార్కుకు కేటాయించిన స్థలాన్ని ముఖ్యమంత్రి ఆదేశంతో ఒక ప్రైవేటు నర్సింగ్ హోముకు ఇస్తే, కాలనీవాసుల పక్షానే సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

కోర్టు దాకా వెళ్లకుండా ఆగినవీ ఉన్నాయి, కానీ కొన్నిసార్లు దానికి మనుషులు చెల్లించిన ధర ఎక్కువ. 2023 జనవరిలో కామారెడ్డి ముసాయిదా మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలను ఇండస్ట్రియల్ జోన్‌లో చూపారని చుట్టుపక్కల గ్రామాల రైతులు కలెక్టరేట్‌ను ముట్టడించారు. ఒక రైతు ప్రాణం తీసుకున్నాడు. ఆ నెలలోనే మున్సిపల్ పాలకవర్గం ముసాయిదాను రద్దు చేయమని తీర్మానించింది. అది ముసాయిదా, అంటే ఇంకా మార్చదగిన కాగితం. అది మార్చదగినదని ఆ రైతుకు ఎవరైనా ఆయన భాషలో, ఆయన సర్వే నంబరు చూపించి చెప్పి ఉంటే బాగుండేదని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మా శాఖ నోటీసులు రాసే తెలుగు ఎవరికీ అర్థం కాదు. అందులో నా రాతల పాపమూ ఉంది.

ఇక మీ నోటీసు. ఉద్యోగంలో ఉండగా అభ్యంతర పత్రాల కట్టలు చాలా చూశాను. ఒకే జిరాక్సు ప్రతి మీద మూడు వందల మంది సంతకాలు చేసి ఇస్తే, ఫైల్లో దాన్ని ఒక్క అభ్యంతరంగా రాసి, కింద "పరిశీలించడమైనది" అని ఒక ముక్క చేర్చేవాళ్లం. ఒకసారి మాత్రం ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, వారం రోజులు ఉదయం ఏడున్నర నుంచి తొమ్మిదింటిదాకా తన గేటు దగ్గర కుర్చీ వేసుకుని, రోడ్డు మీద వెళ్లిన స్కూలు ఆటోలు, సైకిళ్లు, లారీలు విడివిడిగా లెక్కపెట్టి, రూళ్ల నోటుపుస్తకంలో రాసి తెచ్చారు. ఆ పుస్తకాన్ని "పరిశీలించడమైనది" అని పక్కన పెట్టడం మా పైఅధికారికి చేతకాలేదు. మార్పిడి ఆగలేదు కానీ, దుకాణం గేటు కాలనీ వైపు తెరవరాదనీ, సరుకు లారీలు వెనుక పెద్ద రోడ్డు నుంచే రావాలనీ షరతు పడింది. ఇప్పటికీ ఆ వీధిలో పిల్లలు సైకిళ్ల మీదే బడికి వెళుతున్నారు.

కాబట్టి ఇంటికొక అభ్యంతరం, ఎవరి చేతి రాతతో వారు రాయండి. నోటీసులో ఉన్న సర్వే నంబరు, విస్తీర్ణం తప్పకుండా పేర్కొనండి. రోడ్డు వెడల్పు టేపుతో కొలిచి రాయండి. కాగితం మీద నలభై అడుగులున్న రోడ్డు అరుగులూ ట్రాన్స్‌ఫార్మరూ పోను ఎంతుందో మీకే తెలియాలి. మంచినీళ్లు ఏ పూట, ఎంతసేపు వస్తున్నాయో రాయండి. వానాకాలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో తేదీ ఉన్న ఫొటోతో జతచేయండి. దుకాణం అసలే వద్దంటారో, బైపాస్ వైపు తిరిగితే సరే అంటారో, ఆ నిర్ణయం మీది. రెండూ ఒకే కాగితంలో రాయకండి. పత్రం ఇచ్చాక ముద్ర వేసిన రసీదు తీసుకోకుండా ఆఫీసు మెట్లు దిగవద్దు.

నోటీసులో చివరి తేదీకి ఇంకా పదకొండు రోజులున్నాయి, అందులో రెండు ఆదివారాలు. పటం జిరాక్సు తెచ్చి అదిగో ఆ బల్ల మీద పరిచాను. మీ కాలనీ పైన ఈశాన్యపు మూల ఉంది. ఎవరి ఇల్లు ఎక్కడో గుర్తుపట్టి పెన్సిల్‌తో చుక్క పెట్టండి, ఆ తర్వాత ప్రశ్నలు తీసుకుంటాను.